నమ్మకం పోయేది చిన్న విషయాల్లోనే

(పూర్వ విద్యార్థుల స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన ఇంద్రేశం వాళ్లకు రక్షణ పరిశ్రమ కొత్త కాదు. భానూరులో భారత్ డైనమిక్స్ క్షిపణులు చేస్తది. ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలో సైన్యానికి బీఎంపీ-2 వాహనాలు తయారవుతాయి. ఇలాంటి చోట చదువొక్కటే చాలదు, భద్రతా అనుమతి కావాలి. అది ఎందుకు పోతుందో చెప్పమని నిర్వాహకులు అడిగారు.

సినిమాల్లో చూసినట్టు రహస్య పత్రాలు అమ్ముకుంటేనే పోతుందనుకుంటాం. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఏడుగురు నేవీ సిబ్బందిని అరెస్టు చేశారు. ఫేస్‌బుక్‌లో ఆడవాళ్ల పేర్లతో పరిచయమైన వారికి ఓడల కదలికలు చెప్పారన్నది ఆరోపణ. ఆ నెలలోనే నౌకాదళం ఓడల మీద, స్థావరాల్లో స్మార్ట్‌ఫోన్లను నిషేధించింది. మొదలైంది ఒక ఫ్రెండ్ రిక్వెస్టుతో.

మన పిల్లలు చాలామంది అమెరికాలో ఉన్నారు. అక్కడ పౌరసత్వం వచ్చి రక్షణ రంగంలో చేరేవాళ్లకు 13 అంశాలు చూస్తారు. అప్పులు, మద్యం, మత్తు, విదేశీ సంబంధాలు, మనిషి నడవడి అందులోవే. కట్టని అప్పులున్న మనిషిని ఎవరైనా లొంగదీసుకోవచ్చని వాళ్ల భయం. కొన్ని రాష్ట్రాల్లో గంజాయికి అడ్డు లేకపోయినా అనుమతి దగ్గర అది లెక్కకొస్తుంది. ఇండియాలో అమ్మానాన్న ఉండడం తప్పు కాదు. దాచితే తప్పు.

ఇప్పుడు నా సంగతి. ఇది నా పిల్లలకు కూడా ఇన్నాళ్లూ చెప్పలేదు. దోస్తు చీటీకి నేను జమానతు ఉన్నా. అతను కట్టలేదు, నేనిచ్చిన చెక్కు బౌన్సయి కేసయింది. కొత్త ఉద్యోగంలో వెరిఫికేషన్ ఫారం ఇచ్చారు. 'మీ మీద కోర్టు కేసు ఉందా?' అన్న చోట 'లేదు' అని రాసిన. పోలీసు విచారణలో బయటపడింది. గేటు పాసు ఆగింది. అక్కడి అధికారి ఒక్క మాటన్నాడు: "కేసు ఉందంటే మాట్లాడుకుందుము. లేదని రాసినోడితో ఏం మాట్లాడాలె?" నా టీం లోపల టెస్టింగ్ చేస్తుంటే ఏడాదిన్నర నేను గేటు బయట బెంచీ మీద కూర్చున్న. కేసు రాజీ అయిపోయింది. ఆ 'లేదు' మాత్రం నా ఫైల్లో ఉండిపోయింది.

2016లో సుప్రీంకోర్టు అవతార్ సింగ్ కేసులో ఇదే చెప్పింది: ఫారంలో రాసింది నిజం కావాలి, అరెస్టు గానీ కేసు గానీ దాచకూడదు. విషయం చాలా చిన్నదైతే, దాచినా మన్నించే విచక్షణ యాజమాన్యానికి ఉంది. కానీ ఆ దయ మీద ఆశ పెట్టుకుని 'లేదు' అని రాయకండి.

మన లెక్కల సారు తప్పు చేస్తే ఎర్రగీత పెట్టి వదిలేసేవారు. కాపీ కొడితే బెంచీ ఎక్కించేవారు. ఆ తేడా నాకు గేటు బయట కూర్చున్నప్పుడు అర్థమైంది. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీరు ఇక్కడే నేర్చుకుని వెళ్లండి.