మందు చేరాల్సిన చోటు



మన దేశంలో ఏటా లక్షమందికి పైగా ఆడవాళ్లు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ బారిన పడుతున్నారు. చాలామంది రక్తస్రావాన్నీ నొప్పినీ ఓర్చుకుని, జబ్బు ముదిరాకే ఆసుపత్రి గడప తొక్కుతారు. అప్పుడు మనం ఇచ్చేది రేడియేషన్, దాంతోపాటు వారం వారం సిస్‌ప్లాటిన్. 1999 నుంచి ఇదే దారి. సిస్‌ప్లాటిన్ గడ్డ దగ్గరే ఆగదు. ఒళ్లంతా తిరిగి మూత్రపిండాలనూ చెవులనూ దెబ్బతీయగలదు.

అందుకే, పట్టభద్రులారా, మందు ఇచ్చేముందు జబ్బు ఎక్కడుందో చూడాలంటాను. పెట్ స్కాన్‌కు ఎక్కించే చక్కెరలాంటి పదార్థంలో ఫ్లోరిన్-18 ఉంటుంది. 110 నిమిషాల్లో అది సగానికి తరిగిపోతుంది. ఎక్కించిన గంటకు స్కాన్ తీస్తే, జబ్బు బృహద్ధమని పక్కనున్న లింఫ్ గ్రంథులదాకా పాకిందేమో తెలుస్తుంది. పాకితే 2018 నాటి ఫిగో వర్గీకరణ ప్రకారం స్టేజీయే మారుతుంది, రేడియేషన్ హద్దులూ మారతాయి. అయితే ఆ పదార్థం మూత్రంలోనే బయటికి పోతుంది. మూత్రాశయం నిండుగా ఉంటే దాని వెలుగులో పక్కనున్న ముఖద్వారం సరిగా కనబడదు. "అమ్మా, ఒకసారి బాత్రూంకి వెళ్లి రండి" అని టేబుల్ ఎక్కేముందు మీరు చెప్పే మాటలో అంత వైద్యం ఉంది. ఇంకొకటి, మన దగ్గర క్షయ సోకిన గ్రంథి కూడా అలాగే వెలుగుతుంది. అనుమానం వస్తే ముక్క తీసి పరీక్షకు పంపించండి, వెలిగిందల్లా క్యాన్సరని రాసేయకండి.

ఇక నా మనసులోని అసలు మాట. ఈ క్యాన్సర్‌కే వాడే టిసోటుమాబ్ వెడోటిన్ అనే మందుకు 2021లో అమెరికాలో అనుమతి వచ్చింది. కణం మీది టిష్యూ ఫ్యాక్టర్‌ని పట్టుకుని, కీమో మందును లోపలికి చేరవేసే యాంటీబాడీ అది. ఆ అనుమతికి ఆధారమైన పరీక్షలో గడ్డ బాగా తగ్గింది దాదాపు నలుగురిలో ఒకరికే. కంటికి హాని జరిగే ప్రమాదం మాత్రం తగ్గనివాళ్లకూ ఉంది. ఆ ఒక్కరెవరో ముందే తెలిస్తే?

యాంటీబాడీకి జిర్కోనియం-89 తగిలించి ఎక్కిస్తే, గడ్డను చేరిందో లేదో స్కాన్‌లో చూడొచ్చు. రొమ్ము క్యాన్సర్‌లో బెల్జియం, నెదర్లాండ్స్ వైద్యులు జెఫిర్ అధ్యయనంలో ఇదే చేసి, 2016లో ఫలితాలు ప్రచురించారు. ముక్క పరీక్షలో, ఆ యాంటీబాడీ పట్టుకునే హెర్2 ఉందని తేలినవాళ్లలోనే దాదాపు మూడో వంతు మందికి యాంటీబాడీ గడ్డల్లో చాలా భాగానికి చేరలేదు!

ముఖద్వార క్యాన్సర్‌లో ఈ పద్ధతి ఇంకా రోజువారీ వైద్యంలోకి రాలేదు. రోగులు మన వార్డుల్లోనే ఉన్నారు. మీలో కొందరైనా ఈ ప్రశ్న పట్టుకుని కూర్చోవాలి. "చేరుతుంది, ఇవ్వండి", "చేరదు, వేరే మందు చూడండి" అని రిపోర్టులో నమ్మకంగా రాసి సంతకం పెట్టగలిగేదాకా ఆ పని వదలకండి.