అడిగితేనే అవుట్

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



ఇంజినీరువి కదా, కరెంటు గురించో సోలార్ గురించో మాట్లాడమన్నారు కార్యదర్శి గారు. అవి నేను రోజూ జీతానికి మాట్లాడే మాటలే. గుడ్లవల్లేరు వచ్చి కూడా అవే ఎందుకని, క్రికెట్లో వింతగా అవుటయ్యే పద్ధతుల గురించి చెబుతానన్నాను. ఆయన నవ్వి సరేనన్నారు. ఈ విషయమే ఎందుకు పట్టుకున్నానో మూడో వరసలో కూర్చున్న ఒకాయనకి ఈపాటికి అర్థమైపోయి ఉంటుంది.

బౌల్డు, క్యాచి, ఎల్‌బీడబ్ల్యూ, రనౌట్, స్టంపింగు - ఇవి మన ఇళ్లలో అమ్మమ్మలకి కూడా తెలుసు. తన వికెట్లు తనే పడగొట్టుకుంటే హిట్ వికెట్. ఇవి పోగా, బంతిని కావాలని రెండుసార్లు కొట్టడం, ఫీల్డింగుకి అడ్డుపడటం, వేళకి క్రీజులోకి రాకపోవడం. మా రోజుల్లో బంతిని చేత్తో ముట్టుకోవడం విడిగా ఉండేది. 2017లో దాన్ని అడ్డుపడటంలో కలిపేశారు. రిటైర్డ్ అవుట్‌ని కూడా లెక్కేస్తే మొత్తం పది.

చాలామంది గమనించని సంగతి ఒకటుంది. ఆ రిటైర్డ్ అవుట్ తప్ప మిగతావన్నీ ఫీల్డింగు జట్టు అడిగితేనే. ఎవరూ అప్పీలు చేయకపోతే అంపైరు కళ్లారా చూసినా వేలెత్తకూడదు. నాబోటి ఎలక్ట్రికల్ వాడికి ఇది ఓ పట్టాన మింగుడుపడదు. సబ్‌స్టేషన్లో లోడు మితిమీరితే రిలే ఎవర్నీ అడగదు, ట్రిప్ చేసేస్తుంది. క్రికెట్లో మాత్రం మధ్యలో ఒక మనిషిని పెట్టారు. అడగాలా వద్దా అన్నది ఆ మనిషి ఇష్టం.

2007 జనవరి, కేప్‌టౌన్ టెస్టు, నాలుగో రోజు పొద్దున. అప్పటికి సిరీస్ చెరొకటి. ఆ పర్యటనలోనే మనవాళ్లు దక్షిణాఫ్రికా గడ్డ మీద మొట్టమొదటి టెస్టు గెలిచారు. ఇదీ గెలిస్తే సిరీసే మనది. రెండో ఇన్నింగ్స్ మొదలవగానే ఓపెనర్లు జాఫర్, సెహ్వాగ్ ఇద్దరూ వెనక్కొచ్చేశారు. స్కోరు 6. తర్వాత దిగాల్సింది టెండూల్కర్. కానీ ఆయన ముందు ఇన్నింగ్స్ చివర్లో కాసేపు మైదానంలో లేడు. రూలు ప్రకారం అంతసేపు ఆగితే గానీ బ్యాటింగుకి రాకూడదు. సరే, ఆయన తర్వాత మన హైదరాబాదు లక్ష్మణ్. ఆయనేమో స్నానం చేస్తున్నాడు! పొద్దున్నే రెండు వికెట్లు ఇంత తొందరగా పోతాయని ఎవరనుకుంటారండీ. ఇక గంగూలీ పరుగులు పెట్టి ప్యాడ్లు కట్టుకున్నాడు. ఒకరు గ్లవ్స్ అందించేవాళ్లు, ఒకరు బూట్లు వెతికేవాళ్లు, పెళ్లివారింట్లో ముహూర్తం ముంచుకొచ్చినట్టు ఉండి ఉంటుంది. రూలిచ్చేది 3 నిమిషాలు. ఆయన వచ్చేసరికి 6 అయింది.

అంపైర్లు దక్షిణాఫ్రికా కెప్టెన్ గ్రేమ్ స్మిత్‌కి సంగతంతా వివరించారు. అతను అడగలేదు. అడిగుంటే టెస్టుల్లో టైమ్డ్ అవుట్ అయిన మొదటి మనిషి గంగూలీ అయ్యేవాడు. గంగూలీ 46 కొట్టాడు. అయినా మనం ఓడిపోయాం, సిరీస్ 2-1తో పోయింది. లక్ష్మణ్ ఆటలో మణికట్టు గురించి అందరూ మాట్లాడుకుంటారు గానీ, ఆ స్నానం గురించి నాలాంటివాడెవడో గుర్తుపెట్టుకోవాలి కదా.

అదే, 2023 ప్రపంచ కప్పులో ఢిల్లీలో శ్రీలంక మాథ్యూస్ వంతు వచ్చినప్పుడు బంగ్లాదేశ్ కెప్టెన్ షకీబ్ అడిగాడు. మాథ్యూస్ మైదానంలోకి వచ్చాడు, హెల్మెట్ పట్టీ తెగింది, ఇంకోటి తెమ్మన్నాడు. అక్కడ గడువు 2 నిమిషాలే. అంతర్జాతీయ క్రికెట్లో అలా మొదట అవుటైంది అతనే. నా లెక్కలో వీళ్లందరికన్నా మహానుభావుడు త్రిపుర ఆటగాడు హేములాల్ యాదవ్. 1997లో కటక్‌లో ఒరిస్సాతో రంజీ మ్యాచి. చివరి బ్యాట్స్‌మన్ ఆయన. బౌండరీ దగ్గర కూర్చుని టీము మేనేజరుతో కబుర్లు చెబుతూ ఉండిపోయాడు. అంపైరు వేలెత్తాడు.

ఎవరూ అడగక్కర్లేని రిటైర్డ్ అవుట్ మన తిలక్ వర్మకి తగిలింది. ఎలక్ట్రీషియన్ గారబ్బాయి, కాబట్టి మా శాఖ వాడేనని నాకు కాస్త అభిమానం. 2025 ఏప్రిల్లో లక్నోలో ముంబయి జట్టుకి గెలవాలంటే 7 బంతుల్లో 24 కావాలి. తిలక్ 23 బంతుల్లో 25 మీదున్నాడు, బ్యాటుకి బంతి సరిగా తగలడం లేదు. రమ్మని పిలిచేశారు. పిలిపించింది కోచ్ జయవర్ధనే. 2001లో కొలంబోలో బంగ్లాదేశ్ మీద 150 కొట్టి తనే రిటైర్డ్ అవుట్ అయినవాడు. కాకపోతే అది మిగతావాళ్లకి బ్యాటింగు ఇవ్వడానికి, ఇది పనికిరావడం లేదని. ముంబయి 12 పరుగులతో ఓడిపోయింది. అదే ఏడాది సెప్టెంబరులో దుబాయిలో పాకిస్తాన్‌తో ఆసియా కప్పు ఫైనల్లో తిలక్ 69 నాటౌట్. ఆ రోజు ఎవరూ వెనక్కి పిలవలేదు.

ఇప్పుడు మన స్కూలు గ్రౌండుకి వస్తాను. 1984 ఎండాకాలం, తొమ్మిదో తరగతి పరీక్షలైపోయాయి. ఏ సెక్షనుకీ బీ సెక్షనుకీ మ్యాచి, పందెం గోలీ సోడాలు. మన నల్లరేగడి సంగతి మీకు తెలుసు, ఎండలు ముదిరాయంటే నెర్రెలు విచ్చుతుంది. బంతి పడితే చెయ్యి మోచేతి దాకా పెట్టి తీయాలి.

మా డ్రిల్లు మాస్టారు అంతకుముందే మాకు రెండు కథలు చెప్పి ఉన్నారు. ఒకటి 1979లో పెర్త్‌ది. ఆస్ట్రేలియా బౌలర్ హర్స్ట్, బంతి వేయకముందే క్రీజు దాటిన పాకిస్తాన్ సికిందర్ బఖ్త్‌ని రనౌట్ చేశాడు. మన వినూ మన్కడ్ 1947లో సిడ్నీలో బిల్ బ్రౌన్‌ని చేసినట్టే. పాకిస్తాన్ వాళ్లకి మండింది. తర్వాత ఆస్ట్రేలియా బ్యాటింగు. నాన్‌స్ట్రైకర్‌గా ఉన్న హిల్డిచ్, ఫీల్డరు విసిరిన బంతిని మర్యాదకి తీసి బౌలర్ సర్ఫరాజ్ చేతికిచ్చాడు. సర్ఫరాజ్ అప్పీలు చేశాడు. హిల్డిచ్ అవుట్. రెండోది 1980లో బొంబాయిలో మన క్రికెట్ బోర్డు స్వర్ణోత్సవ టెస్టు. క్యాచవుటని అంపైరు వేలెత్తిన బాబ్ టేలర్‌ని మన కెప్టెన్ విశ్వనాథ్ వెనక్కి పిలిచాడు. టేలర్, బోథమ్ కలిసి 171 పరుగులు జోడించారు, మనం 10 వికెట్ల తేడాతో ఓడిపోయాం.

రెండు కథలూ ఒకే రోజు విన్నాను. నాకు మొదటిదే గుర్తుండిపోయింది.

ఏ సెక్షను గెలవడానికి 3 పరుగులు కావాలి, చివరి జోడీ. బౌలింగు నాది. ఫీల్డరు విసిరిన బంతి నాన్‌స్ట్రైకర్ కాళ్ల దగ్గర నెర్రెలో ఇరుక్కుంది. అతను వంగి తీసి నా చేతికిచ్చాడు. నేను మాస్టారి వైపు తిరిగి అరిచాను. ఆయన నన్నే చూసి, "అడుగుతున్నావా?" అన్నారు. "అడుగుతున్నా సార్." కాసేపాగి, "మళ్లీ చెప్పు, అడుగుతున్నావా?" అన్నారు. అడిగాను. వేలెత్తారు. మేం సోడాలు తాగాం.

ఆ అబ్బాయి, నేనూ అప్పటిదాకా ఒకే సైకిలు మీద గుడివాడ సినిమాలకి వెళ్లేవాళ్లం. పదో తరగతి ఏడాది పొడుగునా నాతో మాట్లాడలేదు. నేను పలకరించలేదు, రూలు నావైపుందని. ఇంటర్లో ఉండగా మెల్‌బోర్న్‌లో మోహిందర్ అమర్‌నాథ్ స్టంపుల మీదకి దొర్లుతున్న బంతిని చేత్తో తోసి అవుటయ్యాడని పేపర్లో చదివాను. అతను తోసింది వికెట్ కాపాడుకోవడానికి. మావాడు వంగింది దేనికి?

మొన్న రైలు దిగితే వాడే బండేసుకుని వచ్చాడు. ఇంటికి వెళ్లే దారిలో అడిగేశాను, ఆ రోజు బంతి ఎందుకు తీశావురా అని. "నీ బొటనవేలికి గుడ్డ కట్టుంది కదరా, ఆ నెర్రెలో చెయ్యి పెడితే మళ్లీ రక్తం కారుతుందని," అన్నాడు. ఆ గుడ్డ సంగతి నాకసలు గుర్తే లేదు.

2017 దాకా ఉన్న రూలు ప్రకారం అప్పీలు వెనక్కి తీసుకోవాలంటే బ్యాట్స్‌మన్ మైదానం దాటకముందే, అంపైరు ఒప్పుకుంటేనే. ఆ మాస్టారు ఇప్పుడు లేరు. నేను 41 ఏళ్లు ఆలస్యం. అయినా మీ అందరి ముందూ వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాలనే ఈ మైకు పట్టుకున్నాను.

భోజనాలయ్యాక పాత విద్యార్థుల మ్యాచి ఉంది. వాడు అవతలి జట్టు. బంతి వాడి కాళ్ల దగ్గరకెళ్తే ఫీల్డర్లే వెళ్లి తెచ్చుకోండి. వాడు మాత్రం ముట్టుకోడట.