థామస్ కప్పులో కోనసీమ యువకులు

రావులపాలెము వంతెన దిగి, అరటిగెలల సంత దాటి, కొత్తపేట మీదుగా అమలాపురము పోవువారికి ఇరుప్రక్కల కొబ్బరితోటలు, వరిచేలు కనుపించును గాని అంతర్జాతీయ క్రీడారంగము తలపునకు రాదు. అయినను ఆ బాట రెండు కొనలకును చెందిన ఇరువురు యువకులు 2022 మే 15వ తేదీన బాంగ్‌కాక్ నగరమున భారత పురుషుల బాడ్మింటన్ జట్టులో నిలిచి, థామస్ కప్పును మన దేశమునకు తొలిసారిగా గెలుచుటలో పాలుపంచుకొనిరి. ఒకరు రావులపాలెమునకు చెందిన కిడాంబి శ్రీకాంత్. రెండవవారు అమలాపురమున జన్మించిన రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్. ఆ విజయమును గూర్చి మీరు వినియే యుందురు. నేను ముచ్చటింపదలచినది అందలి డబుల్స్ ఆటను గూర్చి, అనగా ఇరువురు కలసి ఆడు ఆటను గూర్చి.

ఇంగ్లండు క్రీడాకారుడు సర్ జార్జి థామస్ పేరిట వెలసిన ఈ పోటీ 1949లో తొలిసారి ముగిసినది. నాటినుండి 2022 వరకు కప్పు గెలిచినవి మలయా, ఇండొనేషియా, చైనా, జపాన్, డెన్మార్క్ మాత్రమే. మలయాయే పిమ్మట మలేషియా అయినది. మనవారు 1979లో సెమీఫైనలు చేరిరి. ఆపైన నలువదిమూడేండ్లు ఆ మెట్టు మరల ఎక్కలేదు. 1980లో ప్రకాశ్ పదుకోన్, 2001లో మన పుల్లెల గోపీచంద్ ఆల్ ఇంగ్లండు విజేతలైరి గదా, కప్పు ఏల రాలేదని మీరు అడుగవచ్చును. జట్ల పోటీలో మూడు సింగిల్స్, రెండు డబుల్స్. అయిదింట మూడు గెలువవలెను. ఒక్క చేతితో చప్పట్లు మ్రోగవు. డబుల్స్ అనగా సాయంకాలము క్లబ్బులో పెద్దలు నడుము వంచక ఆడుకొను ఆట యని మనలో ఒక చులకన యుండెడిది. నాకును ఉండెడిదని ఒప్పుకొనుచున్నాను.

ఊలు బంతితో అయిదుగురేసి ఆడు బాల్ బాడ్మింటన్ మన పల్లెలకు చిరపరిచితము. దానికి ఆరుబయలు చాలును. పదునారు ఈకలతో అయిదు గ్రాముల బరువుండు షటిల్ సముద్రపు గాలికి నిలువదు. కావున పైకప్పుగల మందిరము కావలెను. మంచి శిక్షకుడు కావలెను. అనగా పిల్లవాడు ఇల్లు విడువవలెను. వ్యాయామోపాధ్యాయుని కుమారుడైన సాత్విక్ 2014లో హైదరాబాదులోని గోపీచంద్ అకాడమీ చేరెను. మలేషియా శిక్షకుడు టాన్ కిమ్ హెర్ అతనిని బొంబాయి యువకుడు చిరాగ్ శెట్టితో జతకూర్చెను. చిక్కు ఏమనగా, ఇరువురును వెనుకనుండి బలముగా కొట్టువారే. డబుల్స్‌లో దాడి చేయునపుడు ఒకరు వెనుక, ఒకరు వలకడ. కాచుకొనునపుడు ఇరువురును ప్రక్కప్రక్కన. ఈ మార్పు దెబ్బదెబ్బకును జరుగవలెను, మాటలాడుకొను వ్యవధి యుండదు. వలకడ నిలుచుట ఇరువురును క్రొత్తగా నేర్చుకొనవలసి వచ్చెను.

శ్రీకాంత్ కథ దీనికి తలక్రిందులు. అతడు మొదట డబుల్స్ ఆటగాడు. 2011 కామన్వెల్త్ యువజన క్రీడలలో మిశ్రమ డబుల్స్‌లో రజతము పొందెను. గోపీచంద్ అతనిని సింగిల్స్‌కు మరల్చగా, 2018లో ప్రపంచ ప్రథమస్థానము నందుకొనెను.

బాంగ్‌కాక్‌లో మనవారు తొలిదశలో జర్మనీని 5-0గా గెలిచిరి. బాడ్మింటన్‌లో అట్లోడిన జర్మనులకు మంచుమీది హాకీలో ఒక చేదు జ్ఞాపకము కలదు. 1976లో పశ్చిమ జర్మనీ ఒలింపిక్ కాంస్యము పొందిన పిమ్మట 2018 వరకు వారికి ఆ ఆటలో ఒలింపిక్ పతకము రాలేదు. 2018లో ప్యోంగ్‌చాంగ్‌లో స్వీడనును, కెనడాను ఓడించి తుదిపోటీ చేరిరి. ఆట ముగియుటకు నిమిషమైన లేదనగా 3-2తో ముందుండియు, రష్యా క్రీడాకారులు సమము చేయగా, అదనపు సమయమున 4-3గా ఓడిరి. చేతికందినది జారుట యెట్టిదో వారికి తెలియును.

మలేషియాను, డెన్మార్కును 3-2గా దాటి మనవారు తుదిపోటీలో ఇండొనేషియాను ఎదుర్కొనిరి. పదునాలుగుసార్లు కప్పు గెలిచిన దేశమది. లక్ష్య సేన్ మొదటి గేము 8-21తో పోగొట్టుకొనియు గింటింగ్‌ను జయించెను. పిమ్మట డబుల్స్. ఎదుటివారు మహమ్మద్ అహ్సాన్, కెవిన్ సంజయ సుకముల్యో. ఇరువురును మహా క్రీడాకారులే గాని, పేరుగాంచినది వేరువేరు జంటలలో. మనవారు మొదటి గేము 18-21తో ఓడి, రెండవదానిలో ఓటమి ఒక్క పాయింటు దూరమునకు వచ్చిన పిమ్మట 23-21తో లాగుకొని, మూడవది 21-19తో ముగించిరి. అచ్చట గెలిచినది ఏండ్ల తరబడి కలసి ఆడిన అలవాటని నా అభిప్రాయము.

అదే జంట 2023లో ఆసియా క్రీడల స్వర్ణమును, ప్రపంచ ప్రథమస్థానమును పొందెను. ఆ యేడే సాత్విక్ కొట్టిన స్మాష్ గంటకు 565 కిలోమీటర్ల వేగమని గిన్నిస్ గ్రంథమున కెక్కినది. ఆ ఘనతను గూర్చియే మన ఊళ్లలో ఎక్కువగా చెప్పుకొందురు. నాకు మాత్రము ఆ రెండవ గేమే మిన్న.

తరువాత శ్రీకాంత్ దిగి జొనాథన్ క్రిస్టీని 21-15, 23-21తో గెలిచెను. 3-0. నాలుగవ ఆటకు గరగ కృష్ణప్రసాద్, పంజాల విష్ణువర్ధన్ గౌడ్ సిద్ధముగా నుండిరి. వారిదియు డబుల్సే, వారును తెలుగు యువకులే. వారి వంతు రాకమునుపే కప్పు మనదయ్యెను.