మార్చి 12 జెండా, 36 మంది కొండవాళ్ళు

 

ఆగస్టు 15కి మన హాస్టళ్ళలో ఏం జరుగుతుందో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. ముందురోజు రంగు కాగితాల తోరణాలు, తెల్లారి జెండా, తర్వాత చాక్లెట్లు. ఇవాళ మేము ఇంకో దేశం జెండా పండుగ గురించి చెప్తాం. అది ఆఫ్రికా దేశమైన మారిషస్.

1968 మార్చి 12న పోర్ట్ లూయిస్‌లోని గుర్రప్పందేల మైదానంలో బ్రిటిష్ జెండా దింపి ఎరుపు, నీలం, పసుపు, ఆకుపచ్చ పట్టీల జెండా ఎగరేశారు. 1992లో గణతంత్ర దేశం అయింది కూడా అదే తేదీన. మనకు రెండు పండుగలు, వాళ్ళకు రెండూ ఒక్కరోజే! కవాతు, పాటలు, నృత్యాలు ఉంటాయి. సైన్యం లేని దేశం కాబట్టి కవాతు చేసేది పోలీసులే.

మనకేంటి సంబంధం అంటారా? బానిసత్వం రద్దవుతున్న రోజుల్లో అక్కడి చెరకు తోటల యజమానులకు కూలీలు కావలసి వచ్చారు. 1834 నవంబరు 2న కలకత్తా నుంచి వెళ్ళిన అట్లాస్ ఓడలో 36 మంది దిగారు. వాళ్ళు ఛోటానాగ్‌పూర్ ఆదివాసీలు. ఆనాటి ఇంగ్లీషు కాగితాల్లో వాళ్ళ పేరు ‘కొండ కూలీలు’. ఐదేళ్ళ ఒప్పందం, నెలకు 5 రూపాయల జీతం. ఆ కాగితంలో ఏముందో వాళ్ళకు ఎవరు చదివి చెప్పి ఉంటారు?

తర్వాత మన గోదావరి మొగ దగ్గరి కోరంగి రేవు నుంచీ ఓడలు వెళ్ళాయి. అందుకే అక్కడి తెలుగువాళ్ళను ‘కొరింగీలు’ అనేవారు. ఇప్పటికీ ఉగాది వాళ్ళకు ప్రభుత్వ సెలవు. పిల్లల్ని తీసుకుని మేము కోరంగి మడ అడవులకు వెళ్ళాం. చెక్క వంతెన మీద ఫోటోలు దిగాం గానీ ఈ సంగతి చెప్పాలని అప్పుడు తట్టలేదు. తప్పు మాదే.

2024 మార్చి 12న ఆ పండుగకు ముఖ్య అతిథి ఎవరనుకున్నారు? మన రాష్ట్రపతి ద్రౌపది ముర్ము, సంతాల్ ఆడబిడ్డ. కొండ కూలీలు దిగిన దేశంలో జెండా పండుగకు ఆదివాసీ బిడ్డ ముందు వరసలో కూర్చుంది.

ఆ వీడియో చూపిస్తే మా ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి అడిగింది, ‘‘మేడం, కూలీల పేర్లు ఎక్కడైనా రాసి ఉంచారా?’’ అని. ఉంచారు. మోకా ఊళ్ళోని మహాత్మాగాంధీ సంస్థలో వలస కూలీల పాత రిజిస్టర్లు భద్రంగా ఉన్నాయి. పేరు, వయసు, ఊరు కనిపిస్తాయి.

ఈ ఏడాది మీ ఊరి నుంచి ఇటుక బట్టీకో, రొయ్యల చెరువుకో మేస్త్రీ వెంట వెళ్ళినవాళ్ళ పేర్లు ఎవరైనా రాసుకున్నారా? సెలవులకు ఇంటికెళ్ళినప్పుడు అడిగి, ఒక నోటుబుక్కులో రాసి తీసుకురండి.