మూడు కట్టుబాట్లు: కంభం సీమ పల్లెల్లో ఆత్మీయ మెలకువ
(స్మారకోపన్యాసం)

ఈ ఉపన్యాసం ఏ పంతులుగారి జ్ఞాపకార్థం ఏర్పాటైందో ఆయన పేరు కరపత్రంలో వేయలేదు. అది ఆయన కుటుంబం కోరిక. బడినీ గుడినీ ఒక్క చేతిమీద నడిపిన తరంవారాయన. ఆయన సేవ గురించి చెప్పవలసింది నిర్వాహకులు ఇప్పటికే చెప్పారు. ఉపన్యాసకుడు కలిపేది ఒక్కటే. పంతులుగారు సాయంత్రంపూట కంభం చెరువు కట్ట మీద నడిచేవారు, నడిచినంతసేపూ ఎవరితోనూ మాట్లాడేవారు కారు. వెనకాలే నడిచిన పిల్లల్లో ఈ ఉపన్యాసకుడు ఒకడు. ఆ మౌనమంటే ఆ పిల్లవాడికి భయంగా ఉండేది.

ఇక విషయం. మెలకువగా ఉండమన్న వాక్యాలు ఈ సభలో ఎవరికీ కొత్త కావు. మార్కు 13లో ద్వారపాలకుడు, గెత్సేమనేలో నిద్రపోయిన శిష్యులు, గర్జించే సింహం గురించి పేతురు చేసిన హెచ్చరిక, అన్నీ ఆదివారపు బడిలోనే చెవిన పడ్డవి. వాటిని విడమరిచి చెప్పే పని పాస్టర్లది. మత్తయి 25లోని ఒక్క సంగతి మాత్రం తరచూ జారిపోతుంది. పెండ్లికుమారుడు ఆలస్యం చేసినప్పుడు పదిమంది కన్యకలూ కునికారు, పదిమందీ నిద్రపోయారు. బుద్ధిగలవారు కూడా నిద్రపోయారు. తేడా సిద్దెల్లోని నూనెలో ఉంది, కళ్ళు తెరుచుకుని ఉండటంలో లేదు. ఆ నూనె అర్ధరాత్రి కేక విన్నాక సమకూరేది కాదు, పగటిపూట పోసి పెట్టుకున్నది.

ఇప్పుడు మన సంఘాల్లో మెలకువ అనగానే గుర్తొచ్చేది డిసెంబర్ 31 రాత్రి. పన్నెండు కొట్టేదాకా పాటలు, సాక్ష్యాలు, ఆపైన వాగ్దాన కార్డు. లేదంటే కడవరి దినాల గుర్తులు, యుద్ధవార్తలు, రెండవ రాకడ మీద ఉజ్జీవ కూటాలు. ఆ రాత్రి ఆరాధన మీద ఉపన్యాసకుడికి కోపం లేదు. దాని పుట్టుక మరిచిపోయామన్నదే ఆయన బాధ. 1740 ప్రాంతంలో ఇంగ్లండులోని కింగ్స్‌వుడ్‌లో, అంతకుముందు రాత్రుళ్ళు సారా దుకాణాల్లో గడిపిన బొగ్గుగని కూలీలు ఆ వేళల్ని ప్రార్థనకు మళ్ళించారు. జాన్ వెస్లీ దాన్ని ఒక పద్ధతిలో పెట్టి, నెలకోసారి పున్నమికి దగ్గరి శుక్రవారం నడిపాడు. వెన్నెల ఉంటే పనివాళ్ళు ఇళ్ళకు నడిచి వెళ్ళగలరని. పాత తాగుడు వేళల్ని విడిపించుకునే పనిగా మొదలైనది, ఏడాదికోసారి జరిపే ఉత్సవంగా మన దగ్గరికొచ్చి చేరింది.

చెరువు నిండి కట్టకు ముప్పొచ్చిన రాత్రి ఊరంతా పరిగెత్తుకొస్తుంది. నీరుగంటి మాత్రం ముప్పులేని రోజుల్లోనూ తూము దగ్గరికి వెళ్ళి చూసుకుంటాడు. మెలకువ ఆ రెండో పని.

ఇంతవరకూ పెద్దగా ఎవరూ కాదనరు. తగవు ఇక్కడ మొదలవుతుంది. ఒంగోలు మొదలు కంభం, మార్కాపురం దాకా మన పూర్వీకులు మూకుమ్మడిగా క్రైస్తవులైన కాలం గురించి రెండు మాటలు వాడుకలో స్థిరపడ్డాయి. మొదటిది బయటివారిది: వాళ్ళు కరువుకాలపు క్రైస్తవులు, గంజి కోసం వచ్చారు. రెండోది లోపలివారిది, ఉజ్జీవ కూటాల వేదికల మీద నేటికీ వినపడేది: వాళ్ళు నామకార్థ క్రైస్తవులు, మిషను నీడలో నిద్రపోయారు, మేల్కొలుపు ఆ తరవాతే వచ్చింది. మొదటిదాన్ని ఖండించినవారు చాలామంది ఉన్నారు. రెండోదాన్ని దాదాపు ఎవరూ పట్టించుకోలేదు. ఉపన్యాసకుడు ఏళ్ళ తరబడి వాదిస్తున్నది దాని మీదే.

మొదటిదాన్ని త్వరగా ముగిద్దాం. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. ఆ కాలంలోనే బాప్తిస్మాలు ఆపాడు. కూలి కోసం ఎవరూ రాకూడదని. పనులు ముగిసి, ఇక ఇచ్చేది ఏమీ లేదని చెప్పాక కూడా జనం వస్తూనే ఉన్నారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. జూన్ నడిమి నుంచి జూలై చివరికి లెక్క 8,691కి చేరింది. ఇదే గుండ్లకమ్మ ఎగువన మన కంభం చెరువును నింపే నది. ఇక్కడి పల్లెల వాళ్ళు ఆ సంఖ్యను ఎక్కడో జరిగిన సంగతిగా చదవనక్కర్లేదు.

ఇక రెండో మాట. చేరినవారిని క్లౌ అడిగినవి మూడు: ఆదివారం పని చేయొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. ఆయన మరణానంతరం 1914లో అచ్చయిన 'సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్' గ్రంథంలో ఈ మూడూ, వాటివల్ల వచ్చిన కష్టాలూ ఉన్నాయి. విమర్శకులు వీటిని చూసి, ఇది బయటి నియమం, ధర్మశాస్త్రం, ఇందులో ఆత్మ ఎక్కడిదని అడుగుతారు. అడిగేవారు ఆనాటి మాదిగపల్లె ఒకరోజు ఎలా గడిచేదో తలచుకోవాలి. ఊరికి చెప్పులు, కపిలకు తోలు బాన, జాతరకు డప్పు, కబురుకు కాళ్ళు, ఇవన్నీ వాళ్ళ వంతు. ఆ పనులకు ముట్టే ప్రతిఫలంలో చచ్చిన గొడ్డు ఒకటి. ఆదివారం పనికి రానని రైతు ముందు చెప్పడం ఒక్క పూట విశ్రాంతి అడగడం కాదు. వారంలో ఏడు రోజులూ రైతువేనన్న లెక్కను కాదనడం. జాతరలో డప్పు పట్టనని చెప్పిన మనిషి ఊరంతటి ముందూ ఒంటరిగా నిలబడ్డాడు. అలా నిలబడినవాళ్ళను ఊళ్ళు వెలివేశాయి, కొట్టాయి, పనులు మాన్పించాయి. నిద్రపోతున్నవాడికి ఆ దెబ్బలు పడవు.

ఇంకో అభ్యంతరం ఉంది, ఇది బరువైనది. ఈ కట్టుబాట్లు దొర పెట్టినవి, జనం తలూపారంతే అంటారు. దీనికి జవాబు యర్రగుంట్ల పేరయ్య. 1866లో క్లౌ ఒంగోలు చేరిన ఏడాదే భార్యతో కలిసి బాప్తిస్మం పొందిన పడమటి పల్లె మాదిగ. అతను అంతకుముందే రాజయోగ సాధకుడు, విగ్రహారాధన వదిలినవాడు. 1899లో వచ్చిన 'వైల్ సోయింగ్ శాండల్స్'లో క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ ఈ కులంలో పాతుకుని ఉన్న గురుశిష్య పరంపరలను ఓపికగా రాసిపెట్టింది. కూర్చుని తన్ను తాను గమనించుకోవడం పేరయ్యకు ఏ దొరా నేర్పింది కాదు, ఒంగోలు రాకముందే అలవడింది. క్లౌ కట్టుబాట్లు అప్పటికే మేలుకుని ఉన్న మనుషుల చేతికి అందాయి. వాళ్ళు వాటిని పల్లెపల్లెకూ మోశారు. పేరయ్యలాంటి ఉపదేశులు లేకపోతే క్లౌ ఒక్కడే ఈ సీమలో ఏం చేయగలిగేవాడు?

చచ్చిన గొడ్డు నిషేధం గురించి ఈమధ్య దళిత చింతకులు అడిగే ప్రశ్న మరోలాంటిది. అది తిండిని అవమానించడం కాదా, అగ్రకులాల శుద్ధి భావనే మిషను చేతిమీదుగా రాలేదా అని. ఉపన్యాసకుడు దీన్ని తేలిగ్గా తోసిపుచ్చడు. ఆ భావన కొంత కలిసి ఉండవచ్చు. అయినా 1927లో మహద్‌లో అంబేడ్కర్ కూడా తనవారిని చచ్చిన పశువు మాంసం మానేయమన్నాడని మరవకూడదు. కారణాలు వేరు, విశ్వాసాలు వేరు. ఊరు పారేసినది తమ వంతుగా అందుకునే చేతిని వెనక్కి తీసుకోమనడంలో మాత్రం ఇద్దరూ ఒకటే. ఇక్కడి పల్లెలు ఆ పని దాదాపు అరవై ఏళ్ళు ముందు మొదలుపెట్టాయి. ఆకలి రోజుల్లో, ఎదురుగా పడి ఉన్న మాంసాన్ని దాటి నడవాలంటే ప్రతిసారీ మనసులో ఒక నిర్ణయం కావాలి. పేతురు చెప్పిన మెలకువకు ఇంతకంటే సూటి ఉదాహరణ ఏముంది?

బాప్తిస్మం నాటి ఉద్దేశాల్ని తవ్వి తీర్పు చెప్పేవారికి జె. వాస్కమ్ పికెట్ 1933లోనే తన 'క్రిస్టియన్ మాస్ మూవ్‌మెంట్స్ ఇన్ ఇండియా' సర్వేతో జవాబిచ్చాడు. ఎందుకు వచ్చారన్నదానికంటే, వచ్చాక వాళ్ళకు అందిన బోధనా పోషణా జీవితాన్ని తేల్చాయని ఆయన చూపాడు. ఉపన్యాసకుడు అక్కడ ఒక అడుగు ముందుకు వేస్తాడు. ఆ పోషణ ఎక్కువగా వేదికల మీద నుంచి రాలేదు. పొలం నుంచి తిరిగొచ్చాక జరిగే సాయంకాల ప్రార్థనలోనుంచి వచ్చింది. వండేముందు కానుకకు తీసిపెట్టే గుప్పెడు బియ్యంలోనుంచి, బైబిలు స్త్రీ గడపగడపకూ తిరిగి అడిగే కుశలంలోనుంచి వచ్చింది. గిద్దలూరు వైపు ఆంగ్లికన్ పల్లెల్లోనూ, ఇటు బాప్టిస్టు పల్లెల్లోనూ పేర్లు మారినా పని ఇదే.

ఒంగోలు కొండ మీద 1854 జనవరి 1 తెల్లవారుజామున మిషనరీలు జూయెట్ దంపతులు, క్రిస్టియన్ నర్సు అనే తెలుగు విశ్వాసి, జూలియా, రూతు కలిసి చేసిన ప్రార్థనను ఏటా తలచుకుంటాం. తలచుకోవాలి. ఆ ఉదయానికీ 1866కీ మధ్య పన్నెండేళ్ళున్నాయి. ఆ పన్నెండేళ్ళ మామూలు ఉదయాల గురించి మన చరిత్రలు ఎంత తక్కువ రాశాయో చూస్తే ఈ తగవు ఎక్కడిదో అర్థమవుతుంది.

ఇదంతా ఉపన్యాసకుడు ప్రస్తుతం చేస్తున్న పనికి ఆధారం. కంభం, మార్కాపురం ప్రాంతం వానకరువు సీమ. కంభం, బేస్తవారిపేట, తర్లుపాడు, రాచర్ల, కొమరోలు మండలాల నుంచి కుటుంబాలు గుంటూరు మిరప కోతలకూ, హైదరాబాదు, బెంగుళూరు కట్టడం పనులకూ వలస పోతున్నాయి. పల్లెలో సాయంకాల ప్రార్థన పలచబడిందని పాస్టర్లు అంటున్నారు. పలచబడింది నిజమే. కానీ అది కొంత వాళ్ళతో పాటు వెళ్ళింది. కట్టడం పూర్తికాని అపార్ట్‌మెంటు కింది అంతస్తులో సిమెంటు బస్తాల పక్కన కూర్చుని, మేస్త్రీ పిలిచేలోగా పది నిమిషాలు ప్రార్థించుకునే మనుషులున్నారు. ఆదివారం పని మానితే రోజు కూలి పోతుంది, మానకపోతే పాత కట్టుబాటు పోతుంది. ఆ చిక్కును వాళ్ళు తమలో తాము ఎలా విప్పుకుంటున్నారన్నది ఏ సంఘ నివేదికలోనూ కనపడదు. తాగుడు, అప్పు, సెల్‌ఫోన్ బెట్టింగు, ఇవి వాళ్ళ నేటి డప్పూ నేటి చచ్చిన గొడ్డూ. వాటికి కాదని చెప్పినప్పుడు ఎవరు వాళ్ళ పక్కన నిలబడ్డారు, ఎవరు ఎగతాళి చేశారు?

ఈ ప్రశ్నలతోనే ఉపన్యాసకుడు మిరప కోతలు ముగిసి జనం తిరిగొచ్చే వేసవిలో పల్లెల్లో కూర్చోదలచాడు. పాత ఉపదేశుల దినచర్య పుస్తకాలు, స్త్రీల కూటాల లెక్కల నోటుబుక్కులు ఎవరి ఇంటి అటకమీదైనా ఉంటే చూడనివ్వమని ఈ సభవారిని కోరుతున్నాడు. పుస్తకం తీసుకుపోడు, అక్కడే కూర్చుని రాసుకుంటాడు.