నాయకుని దినచర్య
(శాఖా కార్యదర్శుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



నాయకత్వమనగానే మనకు వేదిక, మైకు, పూలమాల స్ఫురిస్తాయి. సమ్మె ఏడాదికొకటి వస్తుందో రాదో! మిగిలినవన్నీ మామూలు దినాలే. ఆ దినాలలో మన నడవడిని చూచియే సభ్యుడు మనలను తూకం వేస్తాడు. ఇందుకు అహమ్మదాబాదు మిల్లు కార్మికుల చరిత్రను మీ ముందుంచుతాను.

అనసూయా సారాభాయి మిల్లు యజమానుల ఇంటి ఆడపడుచు. ఒకనాటి ఉదయం ఆవరణలో పిల్లల తల దువ్వుతూ కూర్చున్న ఆమెకు, స్పృహ లేనట్లు నడిచిపోతున్న మహిళా కార్మికులు కనిపించారు. పిలిచి అడిగారు. రెండు రాత్రులు, ఒక పగలు, 36 గంటలు ఎడతెగకుండా పనిచేసి ఇళ్లకు పోతున్నామని వారన్నారు. అటువంటి కార్మికులు ఆ దారిన అంతకు ముందు కూడా నడిచే ఉంటారు. ఆ ఉదయం ఒకరు ఆపి అడిగారు, అంతే తేడా. కార్యదర్శి అయిన పిదప మనలో ఎందరం క్యాంటీనులో సభ్యుల బల్ల వద్దనే కూర్చుని టీ త్రాగుతున్నాం? చేతులెత్తనవసరం లేదు.

1918లో ప్లేగు బోనస్ రద్దయినప్పుడు ఆ కార్మికులు గాంధీజీ సలహాపై 35 శాతం వేతన పెంపు కోరారు. యజమానులు 20 శాతానికి మించి ఇవ్వమన్నారు. ఆ పక్షాన ముందు నిలిచినవాడు అనసూయా బెన్ సొంత సోదరుడు అంబాలాల్. ఫిబ్రవరి 22న లాకౌటు మొదలైంది. ప్రతిదినం సబర్మతి ఒడ్డున తుమ్మచెట్టు క్రింద సభ, కరపత్రాలు. పని లేని దినాలను జూదంలో, నిద్రలో గడపక ఇల్లు బాగుచేసుకోండి, చదువుకోండి, వేరొక పని నేర్చుకోండి అని ఒక కరపత్రం సారాంశం. సమ్మె కాలంలో సభ్యుని దినం ఎలా గడుస్తుందన్న చింత మన తీర్మానాలలో ఎంత కనిపిస్తుంది?

మూడు వారాలు గడిచేసరికి పొయ్యిలు ఆరాయి. సభకు రమ్మని పిలువబోయిన వారితో కొందరు కార్మికులు నిష్ఠూరమాడారు: గాంధీకి, అనసూయా బెన్‌కు ఏమి లోటు, కార్లలో వస్తారు, పోతారు, సుష్టుగా భోంచేస్తారు, ఆకలి మాది కదా అని. మిత్రులారా, ఈ మాట మన చెవిన పడితే ఏమి చేస్తాం? యాజమాన్యం ఏజెంటు ఎవరో ఎక్కించాడని అంటాం. పేరు కనుక్కుంటాం. గాంధీజీ పేర్లు అడుగలేదు, ఆ మాటలో నిజముందన్నారు. మార్చి 15న, పరిష్కారం లభించేవరకు ఆహారం తీసుకోనని, కారు ఎక్కనని ప్రకటించారు. మార్చి 18న ఒప్పందం కుదిరి, వివాదం మధ్యవర్తికి వెళ్లింది. తదుపరి తీర్పు 35 శాతానికే వచ్చింది.

ఆ ఉపవాసం యజమానులపై ఒత్తిడి అయినదని ఆయనే అంగీకరించారు. ఆ చర్చ వేరు. నిందలో కారు ఉంది, ప్రతిజ్ఞలోనూ కారు ఉంది. నేను మిమ్ములను గమనించమనేది దానినే.

మనకు ఉపవాసాలు అక్కరలేదు. చందా తీసుకున్న చేతితోనే రసీదు వ్రాయాలి. ఫిర్యాదు చేసిన సభ్యునికి వారంలోగా జవాబు చెప్పాలి. పని కాకపోతే కాలేదనే చెప్పాలి. “చూద్దాంలే” అన్న మాట ఎన్ని శాఖలను మ్రింగిందో! ఇంటి మాట కూడా చెప్పక తప్పదు. గేటు వద్ద ఎనిమిది గంటల పనిదినాన్ని గురించి గర్జించి, అర్ధరాత్రి ఇల్లు చేరి, అన్నం వడ్డించేందుకు ఇల్లాలు మేల్కొని ఉండాలనుకునే నాయకుడు ఆమె పనిగంటలు ఎప్పుడు లెక్కిస్తాడు? ఈ మాటకు నవ్వుతున్న సోదరీమణులకు సమాధానం తెలుసు.

ఇక రెండవ శ్రేణి సంగతి. 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం ఆఫీసు బేరర్లలో కనీసం సగంమంది ఆ పరిశ్రమలో పనిచేసేవారే కావాలన్నది. చట్టం స్థానం చూపగలదు, పని నేర్పలేదు. మేనేజరు గదికి వెళ్లేటప్పుడు ఒక యువ సభ్యుని వెంట తీసుకొని వెళ్లండి. రెండవసారి అతనిని మాట్లాడనివ్వండి. తడబడితే తడబడనివ్వండి.

భోజన విరామానంతరం ప్రతి ప్రతినిధి తన శాఖ ఫిర్యాదుల పుస్తకం తెరవాలి. జవాబు పొందని వాటికి ఎదురుగా తేదీ వేసి, ఎవరు ఎప్పుడు వెళ్లి చెబుతారో అక్కడే వ్రాయాలి. పుస్తకమే లేని శాఖలవారికి కొత్త పుస్తకాలు ఆ బల్లపై ఉన్నాయి.