ఇద్దరికీ ఒకే జత బూట్లు



ఈ రోజు మనం బాస్కెట్‌బాల్ ఆటగాడు యానిస్ అంటెటొకూంపో గురించి మాట్లాడుకుందాం. అతని తల్లిదండ్రులు నైజీరియా నుంచి గ్రీస్‌కు వలస వెళ్లారు. 1994లో ఏథెన్స్‌లోనే పుట్టినా అతనికి ఆ దేశ పౌరసత్వం లేదు. ఇల్లు గడవడానికి అన్నదమ్ములు వీధుల్లో గడియారాలు, బ్యాగులు, కళ్లద్దాలు అమ్మారు. అన్న థనాసిస్, తను ఒకే జత బూట్లు వంతులేసుకుని ఆడారు.

2013లో, 18 ఏళ్లకు పౌరసత్వం వచ్చింది. ఆ ఏడాదే అమెరికాలోని ఎన్‌బీఏ జట్టు మిల్వాకీ బక్స్ అతన్ని తీసుకుంది. 2019, 2020లో లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడయ్యాడు. ఫ్రీ త్రోలు మాత్రం తప్పేవాడు. 2021లో అతను బంతి వేయబోతుంటే ఎదుటి జట్టు అభిమానులు అంకెలు లెక్కపెట్టి ఎగతాళి చేశారు. ఫైనల్ ఆఖరి మ్యాచ్‌లో 19 ఫ్రీ త్రోలకు 17 వేశాడు, మొత్తం 50 పాయింట్లు చేశాడు. 50 ఏళ్ల తర్వాత బక్స్ కప్పు గెలిచింది.

మన గూడేల్లోనూ ఆడే పిల్లలున్నారు. బూట్లు లేక, కాగితాలు లేక ఆగిపోకూడదు. చదువుకున్న మనం ఒక్కొక్కరం ఒక్కో పిల్లకో పిల్లాడికో కుల ధ్రువపత్రం, సెలక్షన్ ఫారం దగ్గరుండి పూర్తి చేయిద్దాం. మనకు పొట్టయిన బూట్లు వాళ్లకిద్దాం.